చిత్రంలోని ఊపిరి

క్రీ.శ. 375-443 నడుమ చైనాలో జీవించిన జోంగ్ బింగ్ అనే చిత్రకారుడికి కొండలలో సంచరించడమంటే ఎనలేని మక్కువ. వార్ధక్యం, అనారోగ్యం పర్వతయాత్రలకు అడ్డుపడినప్పుడు, తాను చూసిన కొండలను ఇంటి గోడలపై చిత్రించుకొని, వాటి ఎదుట మేను వాల్చి మనసుతోనే యాత్ర సాగించాడు.

ప్రేక్షకుణ్ణి చిత్రంలోనికి ప్రవేశపెట్టిన ఘనత తమదేనని పాశ్చాత్య నవమాధ్యమ కళాకారులలో కొందరు భావిస్తారు. కంప్యూటర్లు, వీడియోలు, సెన్సార్లు ఈ కళకు సాధనాలు. వీటిలో నన్ను మిక్కిలి ఆలోచింపజేసిన కృతి కెనడా కళాకారిణి చార్ డేవిస్ 1995లో రూపొందించిన ‘ఆస్మోస్’. ప్రేక్షకుడు కళ్లను కప్పే తెరలున్న శిరస్త్రాణాన్ని, శ్వాసను గుర్తించే కవచాన్ని ధరిస్తాడు. ఊపిరి పీలిస్తే పైకి తేలుతాడు. విడిస్తే కిందికి దిగుతాడు. అడవి, చెరువు, ఆకు, నేల అడుగుపొరలు అతని చుట్టూ పారదర్శకంగా పరచుకుంటాయి. బొత్తాలు నొక్కించి తృప్తిపడే కృతులెన్నో ఉన్న ఈ రంగంలో ఊపిరిని ఆశ్రయించడం సామాన్యమైన ఊహ కాదు.

ఊపిరి అనగానే సుమారు 1500 సంవత్సరాల కిందటి చైనా కళావిమర్శకుడు షియే హో గుర్తుకు వస్తాడు. ఆయన చెప్పిన ఆరు చిత్రసూత్రాలలో మొదటిది ‘చీ’కి సంబంధించినది. చీ అంటే ఊపిరి, ప్రాణశక్తి. చిత్రంలో అది స్పందించాలి. కుంచె పనితనం, రూపసాదృశ్యం, వర్ణాలు, కూర్పు ఆ తరువాతివే. బొమ్మలో జీవకళ ఉట్టిపడుతున్నదని మనం అనేదీ ఇంచుమించు ఈ గుణాన్ని గురించే.

‘ఆస్మోస్’లో కదలిక ప్రేక్షకుని ఊపిరిది. షియే హో కోరిన ప్రాణం చిత్రంలోనే ఉండాలి; దానికి చూపరి హృదయం స్పందించాలి. ఛాతీ ఎంత పొంగిందో యంత్రం కొలవగలదు. మనసు చలించిందో లేదో చెప్పలేదు. సహృదయునికి మన ఆలంకారికులు ఇచ్చిన స్థానం ఎరిగినవారికి ఈ భేదం సులభంగానే బోధపడుతుంది.

యంత్రాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. కుంచె మాత్రం సాధనం కాదా? కదలక నిలబడి చూసేవాడు కళలో పాల్గొనడం లేదనే భావనతోనే నాకు పేచీ. గువో షీ 1072లో చిత్రించిన ‘వసంతారంభం’లో కొండల నడుమ పొగమంచు దారులను అక్కడక్కడ కప్పివేస్తుంది. ఆ తెగిన దారులను కలుపుకొంటూ నడవవలసినది చూపరే. ఆ నడకను ఏ సెన్సారు పసిగట్టగలదు?

జోంగ్ బింగ్ తన గోడల ఎదుట ‘చిన్’ అనే తంత్రీవాద్యాన్ని వాయించేవాడట, చిత్రంలోని కొండలన్నీ మారుమోగాలని.