గాజుల పేటలో ఆడుకూలి

హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషమే. కాని ఆ గాజులకు రాళ్ళు అద్దు స్త్రీల కూలిని గూర్చి విచారించినవారు కానరారు. మొఘల్‌పురా మొదలగు పాతబస్తీ పేటలలో ఈ పనియు, జర్దోజీ పనియు పెక్కిండ్లలో జరుగుచున్నవి. మధ్యవర్తి సరకు తెచ్చును. పని ముగిసిన పిదప తనకు తోచిన ధర కట్టును. మన పొలములలోను ఇంతే గదా: నాట్లు ‘ఆడువారి పని’ యని పేరు పడినంతనే కూలి తగ్గును!

సమానవేతన చట్టము 1976లో వచ్చినది. స్త్రీ స్టెనోగ్రాఫరుల వ్యాజ్యెములో 1987లో సుప్రీంకోర్టు, ఆర్థిక స్థోమత లేదను కంపెనీ మొరను త్రోసివేసినది. 2025 నవంబరునుండి ఆ చట్టము స్థానమున వేతనముల కోడు అమలులోనికి వచ్చినది. అయినను సమానత్వమును తూచుటకు రెండవ తట్టలో ఒక పురుషుడుండవలయును. మస్టరు లేని యింట అతడెక్కడ దొరకును?

ఇంటిపనికి చట్టము చొరజాలదను వారు నిజామాబాదు బీడీ కార్మికురాండ్రను చూడవలెను. ఇంట బీడీలు చుట్టు స్త్రీని గూడ 1966 నాటి చట్టము ఉద్యోగిగానే గణించినది. వేయి బీడీలకింత యని ప్రభుత్వమే కనీస కూలి నిర్ణయించినది. బీడీకి కుదిరినది గాజునకేల కుదరదు? రాష్ట్ర ప్రభుత్వము గాజుపనికిని జర్దోజీకిని కనీసపు రేట్లు ప్రకటింపవలయును. సరకు పుచ్చుకొను ప్రతి స్త్రీ చేతికిని, ఇచ్చినదెంత, ముట్టినదెంత యను లెక్కపుస్తకము మధ్యవర్తిచే ఇప్పింపవలయును.