ఇంట్లో కట్టే విమానం: ఎంపికలోని వివేకం

ఆకాశంలో పక్షిని చూసి తానూ ఎగరాలనుకోవడం మానవునికి అనాదిగా ఉన్న కోరిక. ఆ కోరిక నెరవేరి నూరేళ్ళు దాటింది. నేడు విమాన ప్రయాణం వింత కాదు. అయినా టిక్కెట్టు కొని ఎక్కే విమానంతో తృప్తిపడక, స్వహస్తాలతో కట్టిన విమానంలోనే ఎగరాలని తపించేవారు కొందరున్నారు. ఇదేదో పనిలేనివారి వ్యసనమని కొట్టివేయడానికి వీలులేదు. అమెరికాలో 1953లో పాల్ పోబెరెజ్నీ స్థాపించిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఇటువంటివారి సంఘమే. 1970 నుండి ఆష్‌కాష్ పట్టణంలో ఆ సంఘం జరుపుతున్న మేళాకు వేలాది విమానాలు వస్తాయి. నిర్మాణంలో సగానికి మించిన పనిని విద్యకోసమో వినోదంకోసమో ఔత్సాహికులే స్వయంగా చేసి ఉండాలన్నది అక్కడి చట్టం పెట్టిన షరతు.

అటువంటి కోరిక మన విద్యార్థులలో ఒకరికి కలిగితే, తొలి విమానంగా దేనిని ఎన్నుకోవాలి? మా అభిప్రాయాన్ని ముందుగానే చెబుతాము. మొదటిసారి కట్టేవాడు కొత్త విమానాన్ని కనిపెట్టరాదు. పలువురు కట్టి, పలువురు ఎగిరి, లోపాలు బయటపడి, వాటిని దిద్దుకొన్న నమూనానే ఎన్నుకోవాలి. "ఎవరి సాయమూ లేకుండా సొంత బుర్రతో చేశాడు" అని మన సమాజం కురిపించే ప్రశంస ఈ విషయంలో ప్రమాదకరమైనది.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. ఆదిలాబాదుకు పొరుగునే ఉన్న మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో 2021 ఆగస్టులో ఒక దుర్ఘటన జరిగింది. వెల్డింగు పనిచేసుకొనే 24 ఏళ్ళ గ్రామీణ యువకుడు మారుతి కారు ఇంజనుతో, ఒక్కరు కూర్చునే హెలికాప్టరును తయారుచేశాడు. దానిని పరీక్షించే సమయంలో రెక్క విరిగి, తలకు గాయమై మరణించాడు. ఆ యువకుని పట్టుదలను తక్కువ చేసే అర్హత మనలో ఎవరికీ లేదు. అతనికి కొరవడినది ధైర్యమూ కాదు, పనితనమూ కాదు. ఎగిరి నిరూపింపబడిన నమూనా, దానిని అడుగడుగునా పరిశీలించి "ఇక్కడ ఆగు" అని చెప్పగల నిపుణుడు, ఈ రెండూ మన దేశంలో పల్లెటూరి పనివానికి అందుబాటులో లేవు.

పండితులకైనా ఈ నియమం తప్పదు. ఫ్రాన్సు దేశంలో ఆన్రీ మిన్యే అనే ఔత్సాహికుడు 1933లో "ఆకాశపు పేను" అనే అర్థం వచ్చే పేరుతో ఒక చిన్న విమానాన్ని ఎగురవేశాడు. మేకుల పెట్టె చేయగలవాడెవడైనా దీనిని కట్టగలడన్నంత సులభంగా 1934లో పుస్తకం వ్రాశాడు. ఫ్రాన్సులోను, బ్రిటనులోను ఎందరో ఉత్సాహంగా కట్టారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. పూర్తి పరిమాణంగల విమానాన్ని గాలి సొరంగంలో పెట్టి పరీక్షించగా రహస్యం బయటపడింది. రెండు రెక్కలూ మరీ దగ్గరగా ఉండడంవల్ల, ముక్కు ఒక హద్దు దాటి క్రిందికి వంగితే విమానాన్ని తిరిగి పైకి లేపడం సాధ్యం కాదు. బ్రిటను 1936లో దానిని నిషేధించింది. మిన్యే తరువాత లోపం సవరించాడు గాని పోయిన ప్రాణాలు తిరిగిరావు. కనుక ఏ నమూనానైనా మెచ్చుకొనేముందు "ఎన్ని ఎగురుతున్నాయి? ఎన్నేళ్ళుగా? ఏ లోపాలు బయటపడ్డాయి?" అని అడగడం పిరికితనం కాదు, విద్యావంతుని ప్రథమ ధర్మం.

రెండవ ప్రశ్న, దానితో ఏమి చేయదలచాము అన్నది. వేగం, అందం, లోపలికి ముడుచుకొనే చక్రాలు కంటికి ఇంపుగానే ఉంటాయి. కాని చాలామంది ఎగిరేది ఒకరో ఇద్దరో కూర్చుని, చుట్టుప్రక్కల, మంచి వాతావరణంలో. అటువంటి అవసరానికి నెమ్మదిగా దిగగలిగే, స్థిరచక్రాలుగల, ఇద్దరు కూర్చునే విమానం చాలు. దిగే వేగం తక్కువైతే పొరపాటు జరిగినా మనిషి బ్రతికే అవకాశం ఎక్కువ.

మూడవది, మన చేతులకు ఏది పట్టుబడుతుందన్నది. అమెరికాలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ 1929లో ఫోర్డు కారు ఇంజనుతో ఎగురవేసిన ఎయిర్ క్యాంపర్ విమానం కర్ర, గుడ్డలతో కట్టేది. ఆ ప్లానులతో నేటికీ కడుతున్నారు. వడ్రంగం వచ్చినవానికి అది అనువైనది. రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ రూపొందించిన ఆర్.వి. విమానాలు అల్యూమినియం రేకులను రివిట్లతో బిగించేవి. అవి పదివేలకు పైగా ఎగిరాయి. ఫైబర్ గ్లాసుతో చేసే మరో పద్ధతి ఉన్నది. దానిలో రసాయనాలతోను, దుమ్ముతోను జాగ్రత్త వహించాలి.

నాలుగవది కాలమూ ధనమూ. ఆర్.వి. వంటి విమానానికి సామాన్యంగా 1500 నుండి 2000 గంటల శ్రమ పడుతుంది. వారానికి పది గంటలు కేటాయించగలిగినవానికి మూడు నాలుగు సంవత్సరాలు. కిట్టు ధర చూసి సంబరపడరాదు. ఇంజను, ప్రొపెల్లరు, పరికరాల ఖర్చు వేరు. ఒక్కొక్కప్పుడు ఇంజనే కిట్టంత ఖరీదు చేస్తుంది. పేరున్న కంపెనీలకు సైతం కష్టకాలం రావచ్చు. ఆర్.వి. కిట్లు తయారుచేసే వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థే 2023 డిసెంబరులో దివాలా చట్టం క్రింద న్యాయస్థానపు రక్షణ కోరి, 2024లో తేరుకొన్నది. అందువల్ల అనుభవజ్ఞులు చెప్పే ఉపాయం మేలైనది. ముందుగా తోక భాగపు కిట్టు మాత్రమే కొని కట్టాలి. పని చేతికి అబ్బుతుందో లేదో తక్కువ ఖర్చుతో తేలిపోతుంది.

నమూనాను ఎన్నుకొన్న తరువాత దానిని మన ఇష్టం వచ్చినట్లు మార్చరాదు. అమెరికన్ గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియా తీరంలో మరణించిన ఉదంతం దీనికి నిదర్శనం. ఆయన నడిపిన లాంగ్ ఈజీ విమానాన్ని కట్టినవారు వేరొకరు. ప్లానులో చోదకుని కాళ్ళ మధ్య ఉండవలసిన ఇంధనపు మీటను నిర్మాత ఎడమ భుజం వెనుక అమర్చాడు. దానిని అందుకొనే ప్రయత్నంలోనే విమానం అదుపు తప్పినట్లు దర్యాప్తులో తేలింది. కట్టినవాని చిన్న మార్పు, కొన్నవాని ప్రాణానికి ముప్పు.

"అందరూ ఇతరుల నమూనాలే అనుసరిస్తే కొత్తవి పుట్టేదెలా?" అని కొందరు అడగవచ్చు. సమంజసమైన ప్రశ్న. సమాధానం వాన్‌గ్రున్స్‌వెన్ జీవితంలోనే ఉన్నది. ఇంజనీరు అయిన ఆయన సైతం మొదట మరొకరు రూపొందించిన ప్లేబాయ్ విమానాన్ని కొని, దానిని మార్చి మెరుగుపరిచాడు. తనదైన నమూనా ఆ తరువాతనే వచ్చింది. మన ముంబయిలో ఇంటి డాబా మీద ఆరుగురు కూర్చునే విమానాన్ని కట్టిన అమోల్ యాదవ్ శిక్షణ పొందిన చోదకుడు. ఆ విమానం ఆయన మూడవ ప్రయత్నం. 2016లో ప్రదర్శించిన దానికి 2017లో నమోదు, 2019లో ఎగిరే అనుమతి లభించాయి. మన దేశంలో మొదటి రేకు కోయడానికి ముందే పౌర విమానయాన డైరెక్టరేటును సంప్రదించడం ఎంత అవసరమో ఇది తెలుపుతున్నది.

విద్యార్థి మిత్రులారా! మీలో విమానం కట్టేవారు ఒక్కరైనా ఉంటారో ఉండరో. కాని మోటారు షెడ్డులోనో, వెల్డింగు దుకాణంలోనో ప్రతిభగల సోదరులు మన ప్రతి వాడలోను ఉన్నారు. వారు కళాశాల గడప తొక్కడానికి సంకోచిస్తారు. అందుకే కమిటీ పెద్దలకు మా విన్నపం. కళాశాలలో ఒక చిన్న నమూనా విమానాల సంఘాన్ని ఏర్పరచండి. భౌతికశాస్త్ర అధ్యాపకుని పర్యవేక్షణలో, వారానికి ఒక్కరోజు, విద్యార్థి కానివారికి సైతం దాని తలుపులు తెరవండి. కర్రతో చేసిన గ్లైడరు విరిగితే పోయేది నాలుగు రూపాయలు. అక్కడ "ఇది ఎందుకు విరిగింది?" అని నలుగురి ముందు అడగడం నేర్చినవాడు రేపు ఎంత పెద్ద యంత్రం కట్టినా ఆ ప్రశ్న మరచిపోడు.

సాహసాన్ని మెచ్చుకొందాము. కాని తన పనిని ఇతరుల కళ్ళకు చూపి, తప్పు చెప్పించుకొని, దిద్దుకొనే సాహసాన్ని అంతకంటె ఎక్కువగా మెచ్చుకొందాము. విమానం కట్టేవాడు మొదట ఎన్నుకోవలసింది ఆ గుణాన్నే.