ఆ కణాలు ఎవరివి భాయ్?

"జాయిజేనా?" అని ఇమామ్ సాబ్‌ని అడిగారు. జాయిజే అన్నారాయన. అంతే, మా ఖాలా జేవర్ అమ్మేసింది. మనవడికి ఆటిజం. వెన్నులో నాలుగు స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు వేశారు. వాడు ఈరోజుకీ "నానీ" అని పిలవలేదు.

నా గుస్సా ఇమామ్ సాబ్ మీద కాదు. ఆయన్ని మనవాళ్లు సగం సవాలే అడిగారు. గోష్త్ దుకాణానికెళ్తే ఎవరు కోశారు, ఎలా కోశారు అని నిలదీసే మనం, బిడ్డ వెన్నులోకి సూది దించేవాడిని ఆ సీసాలో ఉన్నది ఎవరి ఒంట్లోంచి తీశారని అడగం!

నేను వెళ్లి అడిగాను. "బిడ్డ సొంత మజ్జే సార్" అన్నాడు కౌంటర్ కుర్రాడు. మళ్లీ అడిగితే "బొడ్డుతాడు నుంచి" అన్నాడు. ఏ తల్లి బొడ్డుతాడు? ఆమె ఇజాజత్ ఇచ్చిందా? హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చేశారా? ఏ ల్యాబ్‌లో పెంచారు? దేనికీ జవాబ్ లేదు. డాక్టర్ సాబ్ మీటింగ్‌లో ఉన్నారట.

కాగితాల కోసం కాదు ఈ జగడా. అరుదైన నరాల జబ్బున్న ఒక ఇజ్రాయెల్ పిల్లాడికి 2001 నుంచి మాస్కోలో పిండాల నుంచి తీసిన మూలకణాలు మెదడులోకి, వెన్నులోకి ఎక్కించారు. మొదటి సూది పడ్డ నాలుగేళ్లకు కణితులు బయటపడ్డాయి. కోసి పరీక్షిస్తే ఆ కణాలు వాడివి కావు, కనీసం ఇద్దరు దాతలవి. 2009లో వైద్య పత్రికలో అచ్చయిన కేసు ఇది. పెరగడమే మూలకణం గుణం. ఎక్కడ ఆగాలో దానికి ఎవరు చెప్తారు?

సబూత్ ఉన్న ఇలాజ్ లేదనడం లేదు. తలసీమియాకి, ఖూన్ క్యాన్సర్‌కి మజ్జ మార్పిడి ఉంది. అక్కడ తోబుట్టువు మజ్జ సరిపోతుందో లేదో చూస్తారు, దాతకు పరీక్షలు చేస్తారు, సంతకాలు తీసుకుంటారు. ఈ దలాల్‌లు దాని పేరు చెప్పే దుకాణం నడుపుతున్నారు. అలాంటి రక్త జబ్బులకు తప్ప మిగతా వాటికి స్టెమ్ సెల్ వాడితే అది పరిశోధనే అని ఐసీఎంఆర్ 2017లోనే రాసింది. పరిశోధనకి రోగి దగ్గర పైసా తీసుకోకూడదు. ఆటిజానికి దీన్ని సిఫారసు చేయలేమని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ కూడా చెప్పింది.

ఈ సంగతంతా చెబితే ఇమామ్ సాబ్ చాలాసేపు మాట్లాడలేదు. "ఇదంతా నాకు చెప్పలేదే బేటా" అన్నారు.

మొన్న ఖాలా దగ్గరున్న రసీదులు తీసి చూశాను. వాటిలో స్టెమ్ సెల్ అనే మాటే లేదు. "ఫిజియోథెరపీ ప్యాకేజీ" అని ఉంది.