తలుపు అవతల ఉన్నవాడి మాట



పిల్లలున్న ఇళ్లలో మనకు బాగా తెలిసిన దృశ్యం ఒకటి ఉన్నది. రాత్రి భోజనాలయ్యాయి. గిన్నెలు కడగడం అయింది. అందరూ పడుకున్నారు. పిల్లవాడి గదిలో మాత్రం ఇంకా వెలుగు. చెవులకు హెడ్‌ఫోన్లు, ఎదుట కంప్యూటరు. "కాదు కాదు, పైనుంచి రెండోది చూడు" అని ఎవరితోనో మాట్లాడుతుంటాడు. తలుపు దగ్గర నిలబడిన తల్లికి గుండె జారుతుంది. తండ్రి లేచి రెండు కేకలు వేస్తాడు. వెలుగు ఆరిపోతుంది. మరునాడు మళ్లీ అదే.

మేమూ అలా కేకలు వేసినవాళ్లమే. అందుకే ఈ నెల ఆ ఆటను గురించే నాలుగు మాటలు రాస్తున్నాము.

మాకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడికి బెంగుళూరులో ఉద్యోగం. అమ్మాయి హైదరాబాదులో నర్సు. చిన్నవాడు ఇంజనీరింగు చదువులో ఉన్నాడు. 2023 క్రిస్మస్‌కు ముగ్గురూ ఇంటికి వచ్చారు. పండుగ మరునాడు బంధువులంతా భోజనాల దగ్గర ఉండగా, చిన్నవాడు రెండు సబ్జెక్టులు తప్పిన సంగతి బయటపడింది. వాడి ఫీజు కట్టేది పెద్దవాడు. "నా చెమట నీకు నీళ్లలా కనిపిస్తోందా?" అన్నాడు అందరి ఎదుట. చిన్నవాడు విస్తరి ముందునుంచి లేచిపోయాడు. అంతే, ఐదు నెలలు అన్నదమ్ముల మధ్య మాట లేదు. ఫీజు మాత్రం సమయానికి పడేది. "అందింది" అని చిన్నవాడు మాతో చెప్పేవాడు, ఆ మాట మేము పెద్దవాడికి చేర్చేవాళ్లం.

మరుసటి మే నెలలో చిన్నవాడు సెలవులకు ఇంట్లో ఉన్నాడు. అక్కతో కలిసి రాత్రిపూట ఏదో ఆట ఆడేవాడు. ఒకరోజు ఆమె ఫోను చేసి, "తమ్ముడూ, ఈ రాత్రి నాకు డ్యూటీ. నా బదులు అన్నయ్య వస్తానన్నాడు" అని చెప్పింది. అన్నకు ఫోను చేసి, "తమ్ముడు నిన్నే పిలవమన్నాడు" అన్నదట. ఈ సంగతి మాకు తరువాత తెలిసింది.

ఇద్దరుంటేనే ఆట

ఆ ఆట పేరు 'వి వర్ హియర్'. నెదర్లాండ్స్ దేశంలోని రాటర్‌డామ్ నగరంలో ఉన్న టోటల్ మేహెమ్ గేమ్స్ అనే చిన్న సంస్థ దానిని చేసి, 2017 ఫిబ్రవరిలో ఉచితంగా విడుదల చేసింది. కథ చిన్నది. మంచు ప్రదేశంలో దారి తప్పిన ఇద్దరు ఒక పాత కోటలో చిక్కుకుంటారు. కళ్లు తెరిచేసరికి చెరొకచోట ఉంటారు. ఒకడు పుస్తకాలు, పటాలు ఉన్న గది చుట్టుపక్కల ఉంటాడు. మరొకడు చీకటి గదుల్లో తిరుగుతూ ఉంటాడు. ఇద్దరి చేతుల్లో వాకీటాకీలు. తలుపు మీద గుర్తులు ఒకడికి కనిపిస్తాయి. వాటి అర్థం ఉన్న కాగితం మరొకడి దగ్గర ఉంటుంది. ఒకడి తెర రెండవవాడికి కనిపించదు. బటన్ నొక్కి, చూసినది నోటితో చెప్పవలసిందే. ఎంత తెలివిగలవాడైనా ఒంటరిగా ఒక్క తలుపు కూడా తీయలేడు.

ఆ రాత్రి మేము వరండాలో మంచాలు వేసుకొని పడుకున్నాము. కిటికీ తెరిచి ఉన్నది. చిన్నవాడు చెవులకు పెట్టుకునేది పాడైపోవడంతో రెండు గొంతులూ మాకు వినపడ్డాయి.

"ఏముంది అక్కడ?"

"గోడ."

"గోడ మీద?"

"గుర్తులు."

"ఏ గుర్తులో సరిగా చెప్పరా!"

"నువ్వు సరిగా అడుగు."

పావుగంట ఇదే వరుస. తలుపు తెరుచుకోలేదు. ఇంక లేచిపోతారు అనుకున్నాము. అప్పుడు పెద్దవాడు గొంతు తగ్గించి, "ఒరేయ్, నాకు ఇక్కడినుంచి ఏమీ కనపడదు. నువ్వు చెప్పిందే నాకు దారి. మెల్లగా చెప్పు" అన్నాడు.

కొంచెంసేపు ఏ మాటా లేదు. తరువాత చిన్నవాడు, "కొడవలిలాగా ఉంది అన్నా. కింద చుక్క ఉంది" అన్నాడు.

"ఇక్కడ కొడవళ్లు రెండున్నాయి రా. పిడి ఎటువైపు?"

"ఎడమవైపు."

తలుపు తెరుచుకుంది. ఇంకో గదిలో పెద్దవాడు ఒక వరుస తప్పు చదివితే చిన్నవాడి ఆట అక్కడితో ముగిసింది. "నేనే తప్పు చెప్పాను రా. మళ్లీ మొదలుపెడదాం" అన్నాడు పెద్దవాడు. ఇరవై ఏడేళ్లలో వాడి నోట "నేనే తప్పు" అనే మాట మేము వినడం అదే మొదలు. చీకట్లో ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము.

గదిలోనుంచి బయటికి, మళ్లీ గదిలోకి

ఈ ఆటల పుట్టుక తెలిస్తే మీకూ ముచ్చటగా ఉంటుంది. తాళం వేసిన గదిలో చిక్కుకొని ఆనవాళ్లు వెదికి బయటపడే ఆట మొదట కంప్యూటరులోనే పేరు పొందింది. జపానుకు చెందిన తోషిమిత్సు తకాగి 2004లో చేసిన 'క్రిమ్సన్ రూమ్' అటువంటిది. దానిని ఒక్కరే ఆడాలి. 2007లో అదే దేశంలోని క్యోటో నగరంలో తకావో కాతో అనే ఆయన, ఆయన స్థాపించిన స్క్రాప్ సంస్థ, నిజమైన గదిలో నిజమైన మనుషులతో ఈ ఆట ఆడించారు. అప్పటినుంచి ఇలాంటి గదులు లోకమంతా వ్యాపించాయి. మన హైదరాబాదులోనూ ఉన్నాయి. స్నేహితులు జట్టుగా వెళ్లి, సాధారణంగా గంటలోపల బయటపడాలి. 2020లో కరోనా వచ్చి ఆ గదులు మూతపడినప్పుడు, ఎక్కడివాళ్లు అక్కడే ఉండి కంప్యూటర్లలో కలిసి ఆడుకోవడం మరింత అక్కరకు వచ్చింది. 2021 అక్టోబరులో క్రొయేషియా దేశపు పైన్ స్టూడియో వారు విడుదల చేసిన 'ఎస్కేప్ సిమ్యులేటర్'లో పలువురు కలిసి ఆడవచ్చు, తమ గదులు తామే కట్టుకోవచ్చు కూడా. ఒంటరివాడి ఆట జట్టు ఆటగా మారి తిరిగి వచ్చిందన్నమాట.

మా ఇద్దరి పరీక్ష

పిల్లల ముచ్చట చూసి మేము కూడా ఒకటి ఆడి చూశాము. దాని పేరు 'కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్'. 2015లో కెనడావారు చేసినది. పేరు చూసి భయపడకండి, ఇందులో కొట్టుకోవడం, చంపుకోవడం ఉండదు. తెర ముందు కూర్చున్నవారికి ఒక బాంబు కనిపిస్తుంది. దాన్ని ఆర్పే పద్ధతి 23 పేజీల పుస్తకంలో ఉంటుంది. పుస్తకం పట్టుకున్నవారు తెర చూడకూడదు, తెర చూసేవారు పుస్తకం చూడకూడదు. గడియారం తిరుగుతూ ఉంటుంది. ఆ పుస్తకాన్ని ఉచితంగా ప్రింటు తీసుకోవచ్చు. కంప్యూటరు ఒక్కటి చాలు. మనవంటి ఇళ్లకు ఇది సౌకర్యం.

మాలో ఒకరం తెర ముందు, ఒకరం కాగితాలతో గోడవైపు తిరిగి కూర్చున్నాము. నాలుగు వైర్లున్నాయి. ఎర్రది లేదు. చివరిది పచ్చది. "చివర పచ్చ వైరు" అని ఒకరం చెప్తే, రెండవవారం ఆకుపచ్చ కోసం కాగితమంతా వెదికాము. లేదు. "లేకపోవడమేమిటి, నా కళ్లెదుట ఉంటే!" అని ఒకరం. "నీకు రంగులు తెలుసా?" అని ఒకరం. చివరికి బాంబు పేలిపోయింది. మన తెలుగులో పసుపునూ పచ్చ అంటాము, ఆకునూ పచ్చ అంటాము గదా. అది పసుపుపచ్చ. ఎర్రది లేకుండా చివరిది పసుపుపచ్చ అయితే మొదటి వైరు కత్తిరించాలని కాగితంలో స్పష్టంగా ఉన్నది. ముప్పై ఏళ్ల కాపురంలో ఇలా ఎన్ని పచ్చలను గురించి పోట్లాడుకున్నామో అని ఆ రాత్రి నవ్వుకున్నాము. ఇద్దరూ నిజమే చెప్పారు, ఇద్దరికీ కోపం వచ్చింది. ఒకరు చూసినది రెండవవారికి అందలేదు, అంతే.

ఫోన్లు మాత్రమే ఉన్న ఇళ్లకు డెన్మార్కువారు 2019లో చేసిన 'టిక్ టాక్: ఎ టేల్ ఫర్ టు' అనే ఆట ఉన్నది. పేరు విని వీడియోల టిక్‌టాక్ అనుకోకండి, ఇది గడియారం చప్పుడు. ఇద్దరూ చెరొక ఫోను పట్టుకొని, చూసినది చెప్పుకుంటూ ఆడాలి. ఆడేటప్పుడు రెండు ఫోన్లకూ నెట్‌తో పని లేదు. ఒకే మంచం మీద కూర్చొని ఆడవచ్చు.

కొన్ని జాగ్రత్తలు

మంచి ఆటకైనా గట్టు ఉండాలి. ఎన్ని గంటలకు ఆపాలో ఆటకు ముందే అనుకోండి. ఒకరు లేస్తే రెండవవారి ఆట ఆగిపోతుంది గనుక "ఇంకొక్క గది" అనే బలవంతం వీటిలో ఎక్కువ. ఎదుటి గొంతు ఎవరిదో తెలుసుకోండి. కొన్ని ఆటల్లో ముక్కూ ముఖం తెలియనివారితో కూడా జత కట్టవచ్చు. పిల్లలు ఎరిగినవారితోనే ఆడాలి. కోట ఆటలో చీకటి, భయపెట్టే చోట్లు ఉన్నాయి, చిన్నపిల్లలకు వద్దు. అన్నిటికంటె ముఖ్యం, కేక వేసే ముందు పిల్లవాడి పక్కన పది నిమిషాలు కూర్చోండి. ఆడుతున్నది ఏమిటో, ఎవరితోనో మీకే తెలుస్తుంది.

తరువాతి మాట

ఆట ఆడగానే అన్నదమ్ములు కౌగిలించుకున్నారని మేము రాయము. అలా జరగలేదు. వారం తరువాత, ఆట మధ్యలో, చిన్నవాడు తనంతట తానే చెప్పాడట. తెలుగు మీడియంలో చదివి వెళ్లినవాడికి మొదటి ఏడాది పాఠాలు సగం అర్థం కాలేదు. పక్కవాణ్ణి అడగడానికి సిగ్గు. అన్నకు చెప్పడానికి భయం, ఫీజు కడుతున్నాడు గనుక. పెద్దవాడు చాలాసేపు మాట్లాడలేదట. ఆ తరువాత ఆదివారాలు ఆట తగ్గించి, ఫోనులో లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. తప్పిన సబ్జెక్టుల్లో ఒకటి ఆ ఏడే గట్టెక్కింది. రెండవదానికి ఇంకొక ప్రయత్నం పట్టింది.

మా మనసుకు తగిలినది వేరొకటి. ఆ క్రిస్మస్ మరునాడు భోజనాల దగ్గర మేమిద్దరమూ ఉన్నాము. పెద్దవాడు అన్నమాట విన్నాము. చిన్నవాడు లేచిపోవడం చూశాము. "నువ్వు ఎక్కడ చిక్కుకున్నావు? నీకు ఏం కనిపిస్తోంది?" అని ఒక్కరమూ అడగలేదు. వాడు ఏడాదిపాటు చీకటి గదిలో తిరిగాడు. కాగితం చేతిలో ఉన్నవాళ్లం మేము మాట్లాడలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరైనా మౌనంగా కూర్చుంటే, "ఏమైంది?" అని గద్దించడం మానేశాము. "నీకు ఏం కనిపిస్తోంది, మెల్లగా చెప్పు" అంటున్నాము. జవాబు వెంటనే రాదు. కొంచెంసేపు ఆగాలి. అవతలివాడు బటన్ నొక్కేవరకు.