కొత్త పూత చాటున పాత బీటలు: పల్నాడులో ఇల్లు కొనేవారు చూడవలసినవి

పల్నాడు నల్లరేగడి గ్రామాలలో ఇళ్ల బేరాలు సాధారణంగా మిర్చి, పత్తి డబ్బు చేతికందే మాఘ, ఫాల్గుణ మాసాలలో తెగుతుంటాయి. అమ్మదలచిన ఇంటికి అంతకు ముందే పుట్టీ పట్టించి రంగులు వేయించటమూ మామూలే. కొనవచ్చినవారికి గోడ అద్దంలా కనబడుతుంది. రిజిస్ట్రేషన్ పూర్తయి, పాలు పొంగించుకుని, రోహిణి కార్తె ఎండలు ముదిరేసరికి కిటికీ మూల నుంచి ఏటవాలుగా బీట బయటపడుతుంది. అప్పటికి సొమ్ము చేతులు మారిపోయి ఉంటుంది.

ఎండకు చేలో నెర్రెలు విడిచే నేలే ఇంటి కింద కూడా ఉన్నదని రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఇంటి నడిమి భాగం కింద నేల అంతగా ఎండదు, తడవదు. బయటి గోడల కింద నేల మాత్రం ఏటా ఎండి కుంగుతుంది, వానలకు లేస్తుంది. ఇల్లంతా ఒక్క తీరుగా కదిలితే చిక్కులేదు. ఒక మూల కదిలి మరో మూల నిలిచిపోవటంతోనే గోడ చీలుతుంది. లోతైన నల్లరేగడిలో ఇళ్లకు అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్సు వేసేటప్పుడు కనీసం మూడున్నర మీటర్ల లోతుకు దించాలని భారత ప్రమాణాల నియమం. అంటే సుమారు 11 అడుగులు. మన పల్లెల్లో మూడు నాలుగు అడుగులు తవ్వి రాయి పేర్చిన పునాదులే ఎక్కువ.

1967లో సాగర్ కుడి కాలువకు నీరు వదిలిన తరువాత కాలువల వెంబడి ఊళ్లలో మరో తేడా వచ్చింది. పంట కాలువను ఆనుకున్న గోడ కింద నేల నెలల తరబడి చెమ్మగా ఉంటే, వీధి వైపు గోడ కింద నేల ఎండిపోతుంది. స్నానాల గది నీరు పునాది పక్కనే ఇంకిపోయే ఇళ్లలోనూ ఇదే పరిస్థితి. కొనేవారు ముందుగా ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, ఏ పక్క తడి, ఏ పక్క పొడి అని చూసుకోవాలి. గోడ సంగతి ఆ తరువాత.

పిడుగురాళ్ల ప్రాంతంలో సున్నపురాయికి కొదవ లేదు. గానుగ సున్నంతో కట్టిన పాత గోడలు నేలతో పాటు కొంత కదలినా ఓర్చుకుంటాయి. సిమెంటు పూత బిరుసు, ఓర్చుకోదు, పగులుతుంది. అందువల్ల పాత సున్నపు గోడకు పైన సిమెంటు పూత వేయించి 'కొత్త ఇల్లు'గా అమ్మజూపే చోట మరింత జాగ్రత్త అవసరం. వేళ్ల కణుపులతో గోడను తట్టుతూ పోతే, పూత గోడను విడిచిన చోట డొల్ల శబ్దం వస్తుంది. పూత పడని చోట్లే నిజం చెబుతాయి. అటక మీద, బీరువా వెనుక, పశువుల పాక వైపు గోడ, పిట్టగోడ లోపలి వైపు తప్పక చూడాలి.

ఐతే కనబడిన ప్రతి గీతకూ బెదరనక్కరలేదు. వెంట్రుకవాసి గీతలు వలలాగా అల్లుకుని ఉంటే అది పూత ఆరటంలో వచ్చిన లోపం మాత్రమే. శ్లాబు అడుగున గోడ వెంబడి అడ్డంగా పోయే సన్నని గీత ఎండకు శ్లాబు సాగటంవల్ల వచ్చేది. చాలావరకు చూసీచూడనట్లు పోవచ్చు. ఇలాంటి గీతలనే భూతద్దంలో చూపించి ధర కోసే మధ్యవర్తులూ లేకపోలేదు. అమ్మేవారికీ అన్యాయం జరగకూడదు.

భయపడవలసినవి వేరే ఉన్నాయి. తలుపు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా, మెట్లు మెట్లుగా సాగే బీట పునాది కదలికకు గుర్తు. అది పైన వెడల్పుగా, కిందికి వచ్చేకొద్దీ సన్నగా ఉంటే ఆ పక్క మూల కుంగుతున్నదని అనుమానించాలి. అదే బీట గోడకు లోపల, బయట ఒకే చోట కనబడితే అది పూతది కాదు, గోడదే. రూపాయి బిళ్ల అంచు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటుంది. అది సులువుగా దూరితే ఇంజనీరుకు చూపించటం మంచిది. బీట 5 మిల్లీమీటర్లు దాటి, తలుపులు కూడా బిగుసుకుంటుంటే బేరం అక్కడే ఆపాలి. తలుపు పై అంచును చిత్రిక పట్టిన ఆనవాలు ఉన్నదేమో చూడండి. రంగు వేసిన గోడ అబద్ధమాడినా చిత్రిక పట్టిన తలుపు ఆడదు. శ్లాబు అడుగున ఊచల వెంబడి బారుగా పగులు, తుప్పు మరక, పెచ్చులు ఊడిన జాడ ఉంటే అది నేల దోషం కాదు, ఇనుము తుప్పు పట్టటం. దాన్ని రంగుతో కప్పటం ప్రాణాలతో చెలగాటం.

వాస్తు చూసిన పండితుడికి వెయ్యి నూటపదహార్లు సమర్పించుకునేవారు తాపీ మేస్త్రీకి ఒక పూట కూలి ఇవ్వటానికి వెనకాడటం విచిత్రం. గుండు దారం, మట్టం చూసే నీళ్ల గొట్టం పట్టుకుని అతను గంటసేపు తిరిగితే, ఏ గోడ ఒరిగిందో, ఏ మూల దిగిందో తెలిసిపోతుంది. గోడ పక్కన పెద్ద వేపచెట్టు ఉంటే దాని సంగతీ అడగాలి. ఎండాకాలం అది పునాది కింది చెమ్మను పీలుస్తుంది. అలాగని కొన్న మర్నాడే నరికించటం పొరపాటు. పీల్చే చెట్టు పోయాక ఆ నేల మళ్లీ ఉబ్బి గోడను ఎత్తవచ్చు.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దస్తావేజు చూస్తారు గాని గోడను తట్టి చూడరు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే, మామూలు జాగ్రత్తతో కొనేవారికి తెలియరాని ముఖ్యమైన లోపాన్ని, తనకు తెలిసి ఉంటే, అమ్మేవారు చెప్పి తీరాలి. చూస్తే తెలిసే లోపానికి మాత్రం చూడనివారిదే బాధ్యత. తెలిసి దాచారని నిరూపించాలంటే కోర్టు చుట్టూ తిరగాలి. ఆ ఖర్చుతో బీటలు బాగుచేయించవచ్చు.

కాబట్టి ముందే రాయించుకోవటం మేలు. గత మూడేళ్లలో ఏ గోడకు ఏ మరమ్మతు చేయించారో అగ్రిమెంటులో రాయమని అడగాలి. మాఘంలో బయానా ఇచ్చినా, మే నెలాఖరున గోడ చూసిన తరువాతనే మిగతా సొమ్ము చెల్లించేలా గడువు పెట్టుకోవచ్చు. అనుమానమున్న బీట మీద పూత గీకి, గాజు ముక్కను రెండు పక్కలా సిమెంటుతో అతికించి, తేదీ రాసి వదలాలి. గోడ కదిలితే గాజు పగులుతుంది. ఇందుకు అమ్మేవారు ఒప్పుకోకపోతే, పునాది బాగుచేయించే ఖర్చు మేస్త్రీ చేత అంచనా కట్టించి, ధరలో తగ్గించి మాట్లాడుకోవాలి.