తప్పు తోలినవారిది, శిక్ష జతకు
బండలాగుడు పోటీలలో తోలేవారికి కట్టుబాట్లు అవసరం

నరసరావుపేట: సంక్రాంతి మొదలు మహాశివరాత్రి, ఉగాది మీదుగా ఊరూరా జరిగే తిరునాళ్ల వరకు పల్నాడులో ఎడ్ల బండలాగుడు పోటీలకు కొదువ లేదు. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల రైతులకు ఇది వినోదం మాత్రమే కాదు, పరువుతో కూడిన వ్యవహారం. పోటీ కరపత్రం చూస్తే ఏ విభాగానికి ఎంత బహుమతి, దాత ఎవరు, ప్రవేశ రుసుము ఎంత అన్నవి పెద్ద అక్షరాలలో ఉంటాయి. ఎద్దులను అజాగ్రత్తగా తోలినవారికి, హద్దుమీరి కొట్టినవారికి విధించే శిక్ష ఏమిటన్నది మాత్రం సాధారణంగా అందులో చోటు చేసుకోదు. "కమిటీ నిర్ణయమే తుది నిర్ణయం" అన్న ఒక్క వాక్యంతో ఆ సంగతి ముగిసిపోతుంది. పోటీల భవిష్యత్తు ఆ ఒక్క వాక్యం మీదనే ఆధారపడి ఉన్నదని గ్రహించవలసిన సమయం వచ్చింది.

కొలతలో కచ్చితం, తోలకంలో ఇష్టారాజ్యం

ఈ పోటీల పద్ధతి పల్నాటి రైతులకు కొత్తగా చెప్పనక్కరలేదు. గిత్తల పళ్లను బట్టి రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ విభాగాలు ఏర్పాటు చేస్తారు. ఆపైన జూనియర్, సీనియర్ విభాగాలు ఉంటాయి. విభాగాన్ని బట్టి బండ బరువు పెరుగుతుంది. కమిటీ నిర్ణయించిన నిమిషాలలో ఏ జత బండను ఎక్కువ దూరం లాగితే ఆ జతదే బహుమతి. బరి చివరకు చేరిన జతను వెనక్కు తిప్పి మళ్లీ లాగిస్తారు. సమయం ముగిసి ఈల వేసిన క్షణంలో బండ ఎక్కడ ఉన్నదో అక్కడికి టేపు పట్టి అడుగులు, అంగుళాలతో సహా లెక్క కడతారు. అంగుళం తేడాతో బహుమతి చేజారిన సందర్భంలో వాగ్వాదాలు జరగడం కూడా మామూలే.

కొలతలో ఇంత కచ్చితం పాటించే కమిటీలు తోలకం విషయానికి వచ్చేసరికి మెతకబడుతున్నాయి. జత వెంట ఎందరు ఉండవచ్చు, చర్నాకోలలు ఎన్ని, ముల్లుకర్ర వాడవచ్చునా, ఎద్దు మోకాళ్ల మీద కూలబడితే ఏమి చేయాలి అన్న ప్రశ్నలకు ఒక్కో ఊరిలో ఒక్కో జవాబు. కొన్ని కమిటీలు మనుషుల సంఖ్యకు పరిమితి పెట్టి కట్టుదిట్టంగా నడుపుతున్న మాట నిజమే. కాని ఆ కట్టుబాటు ఆ ఊరి పొలిమేర దాటదు.

ప్రమాదం ఎక్కడ పుడుతుంది

కదిలే బండను లాగడం కంటే నిలిచిన బండను కదిలించడం కష్టం. అందువలన పోటీ ప్రారంభంలోనూ, మలుపుల వద్దనూ ఎద్దుల మీద భారం ఎక్కువ. దెబ్బలు ఎక్కువగా పడేది కూడా అక్కడే. మలుపులో తొందరపడి జతను గిర్రున తిప్పితే ఒక ఎద్దు ముందుకు, ఒకటి వెనక్కు పడి కాడి వంకరపోతుంది. గొలుసు కాళ్లకు అడ్డం పడుతుంది. మెడ ఒరుసుకుపోతుంది. నేర్పరి అయినవాడు ఇక్కడ అరక్షణం నిదానించి రెండింటినీ సమంగా నిలిపి అదిలిస్తాడు. నేర్పు లేనివాడు చర్నాకోలను నమ్ముకుంటాడు.

రెండవది జనం. బరికి ఇరువైపులా గట్టి కంచె లేనిచోట చూసేవారు గీతను దాటి ముందుకు వస్తారు. ఈలలు, డప్పులు, మైకుల హోరులో బెదిరిన గిత్త పక్కకు దూకితే దాని దారిలో ఉన్నది చిన్నపిల్లలా, ముసలివారా అన్నది దానికి తెలియదు. పగ్గం పట్టినవాడి చేతిలోనే అందరి ప్రాణాలు ఉన్నట్లు లెక్క. కాగా కంచె వేయించవలసిన బాధ్యత కమిటీదే గాని తోలేవాడిది కాదన్నది కూడా మరువరాదు.

మూడవది ఎండ. శివరాత్రి దాటిన తర్వాత పల్నాటి ఎండల సంగతి, ముఖ్యంగా రెంటచింతల ఎండల సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటిన ప్రాంతాలలో మధ్యాహ్నం 12 గంటల నుండి 3 గంటల వరకు పశువులను బండ్లకు కట్టరాదు, వాటిపై బరువులు మోయించరాదు. చక్రాలున్న బండికే ఈ నియమం ఉన్నప్పుడు చక్రాలే లేని రాతిబండకు మినహాయింపు అడగడం న్యాయం కాదు. ఆ నిబంధనలే ముల్లుకర్రల వాడకాన్ని కూడా నిషేధించాయి.

నష్టం ఎవరికి

ప్రస్తుతం తోలకంలో తప్పు జరిగితే ఏమవుతుంది? జత గీత దాటితే ఆ దూరాన్ని లెక్కలోకి తీసుకోరు. తప్పు పెద్దదైతే జతనే పోటీ నుండి తొలగిస్తారు. పైకి ఇది కఠిన శిక్షగానే కనిపిస్తుంది. కాని ఇందులో నష్టపోయేది ఎవరన్నది ఆలోచించాలి. లక్షల రూపాయలు పోసి గిత్తలను కొని, ఉలవలు ఉడికించి పెట్టి, బిడ్డల్లా సాకిన యజమాని నష్టపోతాడు. దెబ్బలు తిన్నవి ఎద్దులు. తోలిన మనిషి మాత్రం మరునాడు వేరే ఊరిలో వేరే జత పగ్గాలు పట్టుకుని నిర్భయంగా బరిలోకి దిగవచ్చు. నిన్న అతడు ఏమి చేశాడన్నది అక్కడి కమిటీకి తెలియదు. తెలిసినా ఆపడానికి రాతపూర్వకమైన ఆధారం లేదు.

యజమానులందరూ నిర్దోషులని దీని అర్థం కాదు. గెలుపు కోసం కొట్టమని పురమాయించేవారు కూడా లేకపోలేదు. అట్టి సందర్భంలో ఇద్దరికీ శిక్ష ఉండవలసిందే. అయితే పురమాయించినవాడు వేరు, కొట్టినవాడు వేరు, అదుపు తప్పినవాడు వేరు. ఈ మూడు తప్పులను ఒకే గాటన కట్టి జతను బయటకు పంపడం విచారణ అనిపించుకోదు.

చట్టంలో పది రూపాయలు

చట్టం సంగతి చూద్దాం. 1960లో వచ్చిన జంతుహింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ పశువులను కొట్టడం, శక్తికి మించి తోలడం, మోయలేని బరువు వేయడం నేరమని చెబుతున్నది. తోలినవాడే కాక, దానికి అనుమతించిన యజమాని కూడా బాధ్యుడే. కాని మొదటి తప్పుకు ఆ చట్టంలో రాసిన జరిమానా 10 రూపాయల నుండి 50 రూపాయలు. మూడేళ్లలోపు తిరిగి తప్పు చేస్తే 25 నుండి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. 1960లో పది రూపాయలకు విలువ ఉండేది. ఈనాడు పది రూపాయలకు తిరునాళ్లలో ఒక సోడా కూడా రావడం కష్టం.

2014 మే 7న జల్లికట్టు, ఎడ్లబండ్ల పందేలను నిషేధిస్తూ ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు ఈ లోపాన్ని ఎత్తి చూపింది. 11వ సెక్షన్ కింద తగిన శిక్షలు ఉండేలా పార్లమెంటు చట్టాన్ని సవరిస్తుందని ఆశాభావం వెలిబుచ్చింది. ఆ తర్వాత 2017లో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర ప్రభుత్వాలు తమ తమ సంప్రదాయ పోటీలకు అనుకూలంగా సవరణలు తెచ్చాయి. 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణలు చెల్లుతాయని తీర్పు చెప్పింది. ఆ తీర్పు రక్షణ పొందిన మూడు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ లేదన్నది ఇక్కడి కమిటీలు గమనించాలి.

మహారాష్ట్ర అనుభవం గమనార్హం. ఆ రాష్ట్రం ఎడ్లబండ్ల పందేలకు అనుమతి తెచ్చుకుంటూనే, పందెంలో పశువులను హింసించినవారికి 5 లక్షల రూపాయల వరకు జరిమానా లేదా మూడేళ్ల వరకు జైలు అని తన సవరణలో రాసుకున్నది. అంటే పోటీ కావాలంటే శిక్షకు ఒప్పుకోవాలన్న సూత్రం అక్కడ అమలులోకి వచ్చింది. పది రూపాయలకు, ఐదు లక్షలకు మధ్య ఉన్న దూరమే పోటీని వదిలేయడానికి, కాపాడుకోవడానికి మధ్య ఉన్న దూరం.

ఇక మనుషులకు గాయాలైతే 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. తన అధీనంలోని పశువు వలన ఇతరుల ప్రాణాలకు హాని కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోనివారికి 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నిర్లక్ష్యం వలన ఎవరికైనా తీవ్ర గాయమైతే 125వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్షకు అవకాశం ఉన్నది. కాని పోలీసు కేసు అనేది ప్రమాదం జరిగిన తర్వాతి మాట. జరగకముందు ఆపగలిగింది బరిలోని అంపైరు మాత్రమే.

గుర్రపు పందేలలో ఏమి చేస్తున్నారు

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అమెరికా, ఫ్రాన్స్, స్వీడన్ వంటి దేశాలలో రెండు చక్రాల తేలికపాటి బండికి గుర్రాన్ని కట్టి తోలే పందేలు ప్రసిద్ధి. మన ఎడ్ల పోటీలకు ఇవి దూరపు చుట్టాలు. అక్కడ తోలేవారికి లైసెన్సు ఉంటుంది. గుర్రం నిర్ణీత నడక తప్పి దౌడు తీస్తే తోలేవాడు వెంటనే పగ్గం బిగించి దానిని తిరిగి నడకలోకి తేవాలి. అలా చేయక దౌడు వలన లాభం పొందితే గెలుపు దక్కదు. ఇతరుల బండికి అడ్డం వచ్చి అజాగ్రత్తగా తోలితే, స్టీవర్డులు అనే అధికారులు అదే రోజు విచారణ జరిపి, తోలినవాడి వాదన విని, కొన్ని రోజులో కొన్ని వారాలో తోలకుండా నిలిపివేస్తారు. ఆ నిర్ణయం మీద అప్పీలు చేసుకోవచ్చు. కొరడా వాడకానికి కూడా హద్దులు ఉన్నాయి.

అంత దూరం పోనక్కరలేదు. హైదరాబాదు మలక్‌పేటలోని రేసుకోర్సులో కూడా పందెం నడుస్తున్నంతసేపు స్టీవర్డులు కనిపెట్టి ఉంటారు. అజాగ్రత్తగా స్వారీ చేసిన జాకీని సస్పెండ్ చేసే అధికారం వారికి ఉన్నది. ఇక్కడ గ్రహించవలసిన విషయం ఒక్కటే. శిక్ష మనిషి పేరు మీద పడుతుంది, పుస్తకంలో నమోదవుతుంది, ఆ మనిషి వెంట నడుస్తుంది. గుర్రపు పందేలలో జూదం ఉన్న మాట వాస్తవం. ఆ జూదాన్ని ఎవరూ తెచ్చుకోనక్కరలేదు. క్రమశిక్షణను తెచ్చుకుంటే చాలు.

కమిటీలు ఎందుకు వెనుకాడుతున్నాయి

ఇంత తెలిసీ కమిటీలు ఎందుకు ఊరుకుంటున్నాయన్న ప్రశ్నకు జవాబు పల్నాటి పల్లెలలోనే ఉన్నది. ఒక మనిషిని పేరు పెట్టి శిక్షిస్తే అది ఆ మనిషితో ఆగదు. అతడి బంధువులు, అతడి వర్గం, చివరకు అతడి పార్టీ కూడా రంగంలోకి వస్తాయి. అంపైరు న్యాయంగా ఈల వేసినా, ఎదుటి వర్గంవాడు కనుక వేశాడన్న మాట పుడుతుంది. ఎద్దులకు వర్గం లేదు, అవి తిరిగి మాట్లాడలేవు. కనుక జతను తొలగించడం తేలిక, మనిషిని నిలిపివేయడం కష్టం. కోడిపందెంలో కట్టుబాటు తప్పిందన్న తగవు ఎంతవరకు పోయిందో పల్నాటి వీరచరిత్ర ఏటా కారెంపూడి ఉత్సవాలలో గుర్తు చేస్తూనే ఉన్నది.

ఆ భయం వలననే నిబంధనలు ముందుగా రాసి ఉంచడం మరింత అవసరం. తప్పు జరిగిన తర్వాత నిర్ణయించే శిక్ష కక్షగా కనిపిస్తుంది. తప్పు జరగకముందు కరపత్రంలో అచ్చయి, అందరూ సంతకం చేసిన శిక్ష కట్టుబాటుగా కనిపిస్తుంది.

ఖర్చు లేని పనులు

ఇందుకు ప్రభుత్వ నిధులు అవసరం లేదు. పోటీకి పేరు ఇచ్చేటప్పుడు జత యజమాని పేరుతో పాటు పగ్గం పట్టేవారి పేర్లు కూడా రాసుకోవాలి. ముల్లుకర్రను పూర్తిగా నిషేధించాలి. శిక్షలను తప్పు తీవ్రతను బట్టి మెట్లుగా ఏర్పరచాలి. మొదటి తప్పుకు హెచ్చరిక, రెండవదానికి దూరంలో కోత, ఎద్దు కూలబడిన తర్వాత కూడా కొట్టినవారికి, జనం మీదకు తోలినవారికి ఆ సీజనంతా నిషేధం అన్నట్లుగా ఉండవచ్చు. అంపైర్లలో కొందరినైనా పొరుగు మండలాల నుండి పిలిపిస్తే వర్గాల మాట తగ్గుతుంది. శిక్ష పడినవారికి తమ వాదన చెప్పుకునే అవకాశం తప్పక ఉండాలి. పోటీ ముగిసేవరకు పశువైద్యుడు బరి వద్ద ఉండి, ఆయన ఆపమంటే ఆపాలి.

అన్నింటికంటే ముఖ్యమైనది ఉమ్మడి పుస్తకం. ఒక ఊరిలో నిషేధం పొందిన మనిషి మరొక ఊరిలో పగ్గం పట్టకుండా కమిటీలు ఒకరికొకరు తెలుపుకోవాలి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. జిల్లా స్థాయిలో పశుసంవర్ధక శాఖ, పోలీసు శాఖ అధికారుల సమక్షంలో కమిటీల పెద్దలు ఒక్కసారి కూర్చుంటే తేలిపోయే పని ఇది.

ట్రాక్టరు వచ్చిన తర్వాత పొలంలో ఎద్దు అవసరం తగ్గింది. ఒంగోలు జాతి గిత్తలను రైతులు ఇంకా మక్కువతో పెంచడానికి ఈ పోటీలు ఒక ముఖ్య కారణం. పోటీలు ఆగితే ఆ పోషణ కూడా దెబ్బతింటుంది. నలుగురు చేసే అజాగ్రత్త వలన ఎవరైనా కోర్టుకు వెళ్లి పోటీలన్నీ ఆగిపోతే, నిదానంగా, ప్రేమగా తోలే వందలమంది రైతులు కూడా నష్టపోతారు. కనుక పోటీల నిర్వాహకులు రాబోయే సంక్రాంతి కరపత్రాలు అచ్చు వేయించకముందే బహుమతుల పట్టిక పక్కన శిక్షల పట్టికను కూడా చేర్చడం అందరికీ శ్రేయస్కరం.