ఆకాశంలో నాలుగు గంటలు... నేలపై అంతకు మించి!

జోగిపేట: ఉపాధి కోసం గల్ఫ్ బాట పట్టే వారు టిక్కెట్టుపై ఉన్న సమయాన్ని చూసి ప్రయాణాన్ని లెక్కిస్తే పొరబడే ప్రమాదముంది. శంషాబాద్ నుంచి దుబాయ్‌కి గగనతల దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానానికి దాదాపు 4 గంటలు పడుతుంది. జోగిపేట వాసికి అసలు పరీక్ష మాత్రం విమానం ఎక్కక ముందే ఎదురవుతోంది.

గడియారం తికమక

భారత కాలమానం కంటే దుబాయ్ గంటన్నర వెనుక ఉంటుంది. ఉదయం 10 గంటలకు ఇక్కడ బయల్దేరిన విమానం అక్కడి లెక్కన మధ్యాహ్నం 12.30కు దిగుతుంది. టిక్కెట్టు చూస్తే ప్రయాణం రెండున్నర గంటలే అనిపిస్తుంది. అదే అక్కడ 10 గంటలకు బయల్దేరితే ఇక్కడ దిగేసరికి మధ్యాహ్నం 3 అవుతుంది. చూడటానికి 5 గంటలైనా, గాలిలో ఉండేది మూడున్నర గంటలే. పడమటి నుంచి వీచే పైగాలులు తిరుగు ప్రయాణంలో విమానానికి తోడవడమే ఇందుకు కారణం.

మారిన దారి

2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమై, బేగంపేటలో పౌర విమానాల రాకపోకలు నిలిచిపోయాయి. విమాన ప్రయాణ కాలంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రోడ్డు దూరం మాత్రం పెరిగింది. జోగిపేట నుంచి శంషాబాద్‌కు రమారమి 100 కిలోమీటర్లు. నాందేడ్, అకోలా వైపు సాగే 161వ జాతీయ రహదారి నాలుగు వరుసలు కావడం, ముత్తంగి వద్ద బాహ్యవలయ రహదారి అందుబాటులో ఉండటంతో నగరంలోకి వెళ్లకుండానే చేరుకునే వీలు కలిగింది. అయితే కంది, రుద్రారం, ఇస్నాపూర్ మీదుగా సాగే దారిలో పరిశ్రమల షిఫ్టులు మారే వేళ వాహనాల రద్దీ లెక్కలను తారుమారు చేస్తోంది.

తేదీతోనూ తంటా

గల్ఫ్ విమానాలు అనేకం రాత్రి వేళల్లోనే బయల్దేరుతాయి. 15వ తేదీ రాత్రి 12.30 గంటలకు విమానమంటే, 14వ తేదీ అర్ధరాత్రి దాటాక అని అర్థం. విదేశీ ప్రయాణానికి 3 గంటలు ముందుగా చేరుకోవాలి. అంటే 14వ తేదీ రాత్రి 9.30కల్లా విమానాశ్రయంలో ఉండాలి. రోడ్డుకు 2 గంటలు, రద్దీకి మరో అరగంట కలుపుకొంటే జోగిపేటలో సాయంత్రం 7 గంటలకే బయల్దేరాలి. సాధారణంగా విమానానికి గంట ముందు చెక్ ఇన్ కౌంటర్లు మూసివేస్తారు. ఆ తర్వాత చేరుకుంటే ఫలితం ఉండదు.

అప్పు చేసి వీసా, టిక్కెట్టు సమకూర్చుకున్న కుటుంబానికి విమానం తప్పిపోవడమంటే ఒక్క రోజు ఆలస్యంతో పోయేది కాదు. కొత్త టిక్కెట్టు ఖర్చు మీద పడుతుంది. వీసా గడువు దగ్గరపడితే ఉద్యోగానికే ఎసరు రావచ్చు. అందుకే టిక్కెట్టు చేతికందగానే చూడవలసింది దిగే సమయం కాదు, ఇల్లు కదలవలసిన సమయం.